నీడ పడ్డాక స్నానం

ఆళ్లగడ్డ,
9 నవంబరు.

కన్యకా,

ఉభయకుశలోపరి అని మొదలు పెడదామంటే ఇక్కడ కుశలం సగమే ఉంది. మోకాళ్లు ఎప్పుడో పోయాయి, ఈ ఏడాది చెవులు కూడా పోయాయి. మా హరీష్ కొత్త ఫోను కొనిచ్చాడు. చెవికి పెట్టుకుంటే కందిరీగ దూరినట్టు ఒకటే రొద, మాట ఒక్కటీ అందదు. కన్నకొడుకే అయినా, వాణ్ణి మధ్యన కూర్చోబెట్టుకుని నీతో మాట్లాడటం నాకిష్టం లేదు. అందుకే నంద్యాల హాస్టలు రోజుల్లో సెలవులకు విడిపోయి రాసుకున్నట్టు మళ్లీ రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. మందుల చీటీలు రాసే గొలుసుకట్టుతో మాత్రం రాయకు, చదవలేను.

ముఖ్యమైన సంగతి. రాబందులు వచ్చాయి.

మొన్న కొండ కింద చేనికి పోయి కంది చూసుకుంటున్నా. ఎండలో నా ముందు ఒక నీడ జారిపోయింది. గద్ద నీడ కాదు, అంతకు మూడింతలు. తలెత్తి చూస్తే నాలుగు. రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి. వాటిని చూసి ఇరవై అయిదేళ్లయింది మే. చేలో కూర్చుండిపోయాను. పనికి వచ్చిన మణెమ్మ నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్లు తెచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పిల్ల ఉంటోంది. సుప్రజ, సంజామల వాళ్లమ్మాయి. పక్షుల మీద చదువుతూ అహోబిలం కొండల్లో వాటిని లెక్క పెట్టడానికి వచ్చింది. ముందుగదిలో మంచం వేసిచ్చాను. మొత్తం పదకొండు ఉన్నాయట. కొండ చరియలో ఒక జంట గూడు కూడా పెట్టిందట.

మా అత్త ఉంటే ఎంత సంబరపడేదో. మా ఇంటి ఆచారం నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో. మా ఇంట్లో దుక్కి దున్నిన ఎద్దును కోతకు అమ్మరు, తోలుకు ఇవ్వరు. పోయినప్పుడు కొమ్ములకు పసుపు రాసి, పలుపు తీసేసి, కొండ కింద చాపబండ మీద పెడతారు. మొదటి రాబందు నీడ ఎద్దు మీద పడ్డాక ఇంటిల్లిపాదీ తలకు పోసుకుంటారు. అంతవరకు మైల. ఆఖరిసారి పెట్టినప్పుడు మూడు రోజులు కాచుకున్నాం. ఒక్క పక్షి రాలేదు. కుక్కలు వచ్చాయి. నాలుగో రోజు మా అత్త ఏడుస్తూ నీళ్లు పోసుకుంది. ఆ తర్వాత పోయిన ఎద్దులన్నిటినీ ఉప్పు పోసి పూడ్చిపెట్టాం.

ఇప్పుడు నాకు మిగిలిన ఎద్దు మైలోడు ఒక్కడే. పద్దెనిమిదేళ్లవాడు. ట్రాక్టరు వచ్చాక వాడికి పని లేదు, నాలాగే తిని కూర్చుంటాడు.

నీ
గోవిందమ్మ


నంద్యాల,
15 నవంబరు.

గోవిందూ,

నీ ఉత్తరం అంగడికే వచ్చింది. మా శేషయ్య అది కంపెనీ నోటీసు అనుకుని బిల్లుల కట్టలో పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా నా దగ్గర గుమాస్తా, ఉత్తరానికీ నోటీసుకూ తేడా తెలియదు. రెండు రోజుల తర్వాత చేతికొచ్చింది. గల్లాపెట్టె దగ్గరే కూర్చుని రెండుసార్లు చదువుకున్నాను.

నాకేం, బాగానే ఉన్నాను. ఆయన పోయాక ఇంట్లో ఏమీ తోచదు, పశువుల మందుల అంగడే ఇల్లు అయింది. పొద్దున్నే షట్టరు ఎత్తితే ఆ మందుల వాసనే నాకు ధూపం.

రాబందుల సంగతి చదివి మన చిన్నతనం గుర్తొచ్చింది. కుందూ ఏటి గట్టున తాటిచెట్ల మీద వరసగా కూర్చునేవి. హాస్టలు కిటికీలోంచి చూసి నువ్వు వాటికి మన టీచర్ల పేర్లు పెట్టేదానివి. ఇప్పుడు ఆ చెట్లూ లేవు. కుందూ పక్కన నడవాలంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఊళ్లో మురుగంతా అందులోకే. వాన పడితే మాత్రం ఒక్క రోజులో ఊరి మీదికి వస్తుంది, తన చోటు తనకు ఇవ్వమన్నట్టు.

ఆ పక్షులు ఎందుకు పోయాయో ఆ పిల్ల ఏమైనా చెప్పిందా?

నీ
కన్యక


ఆళ్లగడ్డ,
28 డిసెంబరు.

కన్యకా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. మార్గశిరం వెళ్లాక ఇంత వాన ఏమిటో చెప్పు. మిరప కాయ కోసి కళ్లంలో ఆరబోస్తే మూడు రోజులు కురిసింది. కార్తెల లెక్క మా నాయన వేళ్ల మీద చెప్పేవాడు. ఇప్పుడు ఏ కార్తెకు ఏం వస్తుందో దేవుడికే తెలిసినట్టు లేదు. నల్లరేగడి జారుడుకు మైలోడు మేత వేసే గాటి పక్కనే పడ్డాడు. ముందుకాలు మోకాలు కుండంత వాచింది. లేవలేడు. వాడు మూలిగేది నాకు వినపడదు. గొంతు మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. రోజంతా అలా చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నాను.

నువ్వు అడిగావు కదా, పక్షులు ఎందుకు పోయాయని. సుప్రజ కాగితం మీద రాసి చూపించింది. నొప్పులకు పశువులకు వేసే ఒక సూది ఉందట, డైక్లో అంటారట. అది వేసిన పశువు రెండు మూడు రోజుల్లో చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు ఎండిపోతాయట. మెడ వాల్చేసి చెట్టు మీదనే చచ్చిపోతుందట. దేశమంతా అలాగే పోయాయట. సర్కారు దాన్ని పశువులకు వాడొద్దని ఇరవై ఏళ్ల నాడే ఆపేసిందట.

"అవ్వా, ఆ సూది మాత్రం యెయ్యద్దు. ఇంకోటి ఉంది, మెలాక్సికామ్ అని. దాంతో పచ్చులకు ఏమీ కాదు" అని ఆ పిల్ల నా చెవి దగ్గర గట్టిగా అరిచి, కాగితం మీద పేరు కూడా రాసిచ్చింది. అది నిదానంగా పని చేస్తుందట, ఒక పూట ఓర్చుకోవాలట.

ఆ కాగితం దీంతో పెడుతున్నాను. ఇక్కడి అంగళ్లలో లేదు. ఆ మందే పంపు. వేరేది వద్దు. సూది నేనే వేసుకుంటాను, ముప్పై ఏళ్లుగా వేస్తున్న చెయ్యే కదా. బేగా పంపు మే.

గోవిందమ్మ


నంద్యాల,
2 జనవరి.

గోవిందూ,

మందు పొద్దున పది గంటల బస్సులో పంపుతున్నాను. ఈ చీటీ పొట్లంలోనే పెట్టాను. కండక్టరు మనకు తెలిసినవాడే, హరీష్‌ను బస్టాండుకు రమ్మని ఫోను చేయించాను.

సీసా మీద చీటీ వాన నీళ్లు పడి ఊడిపోయింది. కంగారు పడకు, నువ్వు అడిగిందే. రోజుకు ఒకసారి, మూడు రోజులు. కండకు వెయ్యి, నరానికి వద్దు. మిగిలింది దాచిపెట్టు.

అలా గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చోకు. నువ్వు కూడా పడిపోతావు.

కన్యక


ఆళ్లగడ్డ,
6 జనవరి.

కన్యకా,

నీ చెయ్యి చల్లగుండ. మైలోడు లేచాడు. మొదటి సూది వేసి, చేతులు కడుక్కుని, కాఫీ పెట్టుకుని వచ్చేసరికి నిలబడి ఉన్నాడు. హరీష్ నమ్మలేదు. "ఏందీ మా, ముసిలోడు మళ్లా దుక్కికి పోతాండాడా" అని నవ్వాడు. మూడు రోజుల్లో వాపు సగం తగ్గింది. సీసాలో ఇంకా సగం పైనే ఉంది, జాగ్రత్తగా దాచాను.

గూట్లో గుడ్డు పగిలి పిల్ల వచ్చిందట. సుప్రజ దుర్బీను ఇచ్చి జీపులో తీసుకెళ్లి చూపించింది. చరియలో బూడిద రంగు బొచ్చు, ముద్దలా ఉంది. తల్లో తండ్రో వచ్చినప్పుడల్లా నోరు తెరుస్తుంది. చూడటానికి అందంగా ఏమీ లేదు. నేను మాత్రం కళ్లు నొప్పి పెట్టేదాకా చూశాను.

గోవిందమ్మ


నంద్యాల,
20 జనవరి.

గోవిందూ,

మైలోడు లేచాడన్న మాట నాకు చాలు. శేషయ్యకు చెప్పాను. వింటూనే లోపలికి పోయాడు.

నీకు ఒకటి చెప్పాలి. ఆ పిల్ల చెప్పిన సూది మేమూ అమ్మాం. ముప్పై ఏళ్ల కింద అది కొత్తగా వచ్చినప్పుడు అట్టపెట్టెలకు అట్టపెట్టెలు. పగిడ్యాల నుంచి కూడా వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. పడిపోయిన ఎద్దు గంటలో లేచేది. రైతులు మా ఆయనకు చేతులెత్తి మొక్కేవాళ్లు. మీ ఆయన కూడా తీసుకెళ్లాడు, గుర్తుందో లేదో. మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాక అమ్మడం మానేశాం, ఏవో పాత సరుకు తప్ప.

ఈ మధ్య అంగడిలో కూర్చుని అలమరల వంక చూస్తుంటాను. ఈ చేతుల మీదుగా ఎన్ని సీసాలు పోయాయి. పేలకు ఒకటి, పురుగుకు ఒకటి, పాలు పెరగడానికి ఒకటి. ప్రతి ఒక్కటీ ఎవరికో మేలు చేయడానికే పోయింది. మందు గొడ్డులోకి పోతుంది, గొడ్డు నుంచి పేడలోకి, పేడ నుంచి మట్టిలోకి. ఆ తర్వాత ఎక్కడికి పోతుందని నేనెప్పుడూ అడగలేదు. మా కాలంలో పేడముద్ద కదిపితే ఎన్ని పురుగులు ఉండేవి. ఇప్పుడు పేడ పేడలాగే ఎండిపోతోంది. ఒక్కోసారి మా అంగడి మూలంగా బతికిన వాటికంటే పోయినవే ఎక్కువేమో అనిపిస్తుంది.

మైలోడికి ఆ మందు మళ్లీ వేయకు. లేచాడు కదా, చాలు.

కన్యక


ఆళ్లగడ్డ,
27 జనవరి.

కన్యకా,

నీ ఉత్తరం చదివి బాధ వేసింది. తెలియక చేసినదానికి నువ్వేం చేస్తావు. మా ఆయన కూడా తీసుకొచ్చాడన్నావు కదా, అప్పుడు లేచిన ఎద్దును చూసి నేనే పాయసం వండాను. నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు.

మైలోడు మళ్లీ పడ్డాడు. ఈసారి వేరు, మేత ముట్టడం లేదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, వయసు అయిపోయిందమ్మా, ఇంక వాణ్ణి కష్టపెట్టొద్దన్నాడు. నువ్వు వద్దన్నా నిన్నటి నుంచి నీ మందే వేస్తున్నాను. నొప్పి తెలియకుండా పోతే చాలు. రోజుకు రెండు వేస్తున్నాను. రేపో ఎల్లుండో అన్నట్టున్నాడు.

వాణ్ణి పూడ్చను, కన్యకా. చాపబండ కడిగించాను. పసుపు నూరి పెట్టాను. మా అత్త మూడు రోజులు కాచుకున్న చోటే నేను కాచుకుంటాను. వాడి మీద నీడ పడాలి. గూట్లో పిల్లకు వారానికి సరిపడా తిండి అవుతుంది. సుప్రజను అడిగితే, "నువ్వేసింది ఆ మంచి మందే కదా అవ్వా, అయితే పెట్టు" అంది. అవునన్నాను.

ముసలి ఎద్దుకు ఇంతకంటే మంచి చావు ఉంటుందా, నువ్వే చెప్పు.

గోవిందమ్మ


నంద్యాల,
29 జనవరి.

గోవిందూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెంటనే రాస్తున్నాను.

మైలోణ్ణి బండ మీద పెట్టకు. పూడ్చిపెట్టు. లోతుగా తవ్వించి, సున్నం పోసి పూడ్చు. ఈ మధ్య మా వైపు పశువులకు ఏదో అంటురోగం తిరుగుతోంది. కుక్కలు లాగితే ఊరికంతా పాకుతుంది. నా మాట విను. ఆచారం మనం పెట్టుకున్నదే కదా. ఒట్టు పెట్టి అడుగుతున్నాను, పూడ్చు.

కన్యక


ఆళ్లగడ్డ,
1 ఫిబ్రవరి.

కన్యకా,

మైలోడు మొన్న శుక్రవారం తెల్లవారుతూనే పోయాడు. తల నా ఒళ్లోనే ఉంది. ట్రాక్టరు ట్రాలీలో చాపబండకు తీసుకెళ్లాం. కొమ్ములకు పసుపు రాశాను. పలుపు తీసేశాను. ఆ రోజంతా ఏమీ రాలేదు. హరీష్ ఇంటికి పోదామన్నాడు, నేను రాలేదు. కుక్కలు రాకుండా మణెమ్మా నేనూ కర్రలు పట్టుకుని కూర్చున్నాం.

నిన్న మధ్యాహ్నం, అన్నం తినే వేళకు, నీడ పడింది.

ముందు ఒకటి. వాడి డొక్క మీదుగా జారి పోయింది. తర్వాత ఎన్ని వచ్చాయో చెప్పలేను. కాళ్లు వేలాడేసి దిగుతుంటే గాలి మొహానికి కొట్టింది. సుప్రజ లెక్కపెట్టింది. పదకొండుకు పదకొండు, ఒక్కటి తప్పలేదు. ఆ పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రెండు గంటల్లో మైలోడు ఎముకలయ్యాడు. ఒక పెద్ద పక్షి మెడ సంచి నింపుకుని కొండ వైపు ఎగిరింది. పిల్లకేనట.

ఇంటికి వచ్చి అందరం తలకు పోసుకున్నాం. ఇరవై అయిదేళ్లుగా మా అత్తకు బాకీ పడ్డ నీళ్లు పోసుకున్నట్టుంది. నీ మందు వాణ్ణి నొప్పి లేకుండా పంపింది. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

గోవిందమ్మ


నంద్యాల,
9 ఫిబ్రవరి.

గోవిందూ,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. రాయడం, చింపడం. నిన్న పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు పడ్డాయి. అహోబిలం కొండల్లో రాబందులు చనిపోయాయని. ఎన్ని పోయాయో రాయలేదు. ఇంక చింపడానికి లేదు.

ఆ సీసా మీద చీటీ వానకు ఊడలేదు. వేడినీళ్లలో నానబెట్టి నేనే గోటితో గీకి తీశాను.

నువ్వు అడిగిన మందు నా దగ్గర లేదు. తెప్పించాలంటే అయిదారు రోజులు. నువ్వు గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నానని రాశావు. అటక మీద పాత పెట్టెలో ఆ డైక్లో సీసాలే ఉన్నాయి. శేషయ్య చూసి, "వద్దమ్మా, గోవిందమ్మక్క ప్రత్యేకంగా అడిగింది గదా" అన్నాడు. నోరు మూసుకో అన్నాను. ఎద్దు లేస్తుంది, నడుస్తుంది, ఒంట్లోంచి మందు పోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. పక్షుల కంటే నాకు నువ్వు ముఖ్యం. ఇప్పటికీ అదే నిజం, అందుకే ఇంత ఘోరంగా ఉంది.

అంటురోగం లేదు. అది కూడా అబద్ధమే. నిజం రాస్తే నీ మొహం మళ్లీ చూడలేనని అలా రాశాను. ఫోనులో హరీష్ నంబరు తీశాను. ఎందుకు పెద్దమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తోచక పెట్టేశాను. ఉత్తరం సమయానికి అందుతుందనుకున్నాను.

ఇంకా పదకొండు సీసాలున్నాయి అటక మీద. ఆ అంకె చూసి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

ఏమన్నా అను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

కన్యక


ఆళ్లగడ్డ,
15 ఫిబ్రవరి.

కన్యకా,

ఎనిమిది దొరికాయి. మూడు దొరకలేదు, అవి ఎక్కడో చెట్లలో పడి ఉంటాయంటోంది సుప్రజ. మూడో రోజు నుంచే మెడలు వాల్చాయి. ఒకటి మా చేని గట్టు మీదికి వచ్చి కూర్చుంది. నన్ను చూసి ఎగరలేదు. నీళ్లు తెచ్చి పెట్టాను, తాగలేదు. ముక్కు నేలకు ఆనించి అలాగే పోయింది.

ఫారెస్టు వాళ్లు రెండింటిని పరీక్షకు తీసుకెళ్లారు. మిగిలిన ఆరింటిని పూడ్చాలన్నారు, వేరే ఏ జీవీ తినకుండా. ఎద్దుకు తవ్వాల్సిన గుంత పక్షులకు తవ్వించాను. లోతుగా, సున్నం పోసి, నువ్వు రాసినట్టే.

గూట్లో పిల్లను చూడటానికి సుప్రజతో నాలుగు రోజులు పోయాను. మొదటి రెండు రోజులు నోరు తెరిచి ఆకాశం వంక చూస్తూనే ఉంది. తాడు కట్టుకుని దిగి తెద్దామంటే ఆ చరియ దగ్గరికి మనిషి పోలేడన్నారు. మూడో రోజు తల ఎత్తలేదు. నాలుగో రోజు చూడటానికి ఏమీ లేదు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. ఒకటి మాత్రం అడుగుతాను. మందును బస్సులో పంపావు, రెండు గంటల్లో వచ్చింది. పూడ్చమన్న ఉత్తరాన్ని పోస్టులో వేశావు. సోమవారం వచ్చింది. అది కూడా బస్సులో వేసి ఉంటే గురువారం సాయంత్రానికే నా చేతిలో ఉండేది. అప్పటికి మైలోడు ఇంకా ఊపిరి తీస్తున్నాడు. సమయానికి అందుతుందని నువ్వు అనుకోలేదు మే. అందకపోతే బాగుండునని నీలో ఎక్కడో ఉంది. అందితే నేను ఎందుకని అడుగుతానుగా.

ఈ మాట ఎలా కనిపెట్టానో చెబుతాను. నాలో కూడా అలాంటిదే ఉంది కాబట్టి.

మంచి మందు నిదానంగా పని చేస్తుందని, ఒక పూట పడుతుందని సుప్రజ చెప్పింది. నీకూ రాశాను. మైలోడు కాఫీ కాగేలోపు లేచాడు. ఆ లేవడం నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కింద పాయసం వండిన రోజు చూసిన లేవడమే అది. నీ ఉత్తరం రాకముందే నాకు అర్థమైంది. సీసా మీద జిగురు ఉంది, గోటి గీతలు ఉన్నాయి. ఆ పిల్ల సీసా చూపించమంటే పారేశానన్నాను. బియ్యం డబ్బా వెనక దాచాను. కన్యక చెప్పింది కదా, అదే మందు అయి ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మకపోతే వాడికి సూది ఆపాలి, వాణ్ణి బండ మీద పెట్టడం మానాలి. నాకు వాడి నొప్పి పోవాలి, నా నీడ నాకు కావాలి. రెండూ కావాలనుకున్నాను.

కాబట్టి నువ్వు ఒక్కదానివే అని అనుకోకు. అలా అనుకోవడం కూడా ఒక సుఖమే, అది నీకు ఇవ్వను.

ఇంక ఉత్తరం రాయొద్దు. పది గంటల బస్సెక్కి రా. ఆ పదకొండు సీసాలూ తీసుకురా, ఒక్కటి కూడా తగ్గకుండా. నా దగ్గర అడుగున కాస్త మిగిలిన సీసా ఉంది. పన్నెండూ సుప్రజ ముందు పెట్టి, మన ఇద్దరి పేర్లూ చెబుదాం. నీ అంగడి మూయిస్తారేమో. నన్నేం చేస్తారో నాకు తెలియదు. ఆ పిల్ల నన్ను అవ్వా అని పిలవడం మానేస్తుంది, అది ఖాయం. ఇప్పుడు ముందుగదిలో కూర్చుని పదకొండు పేర్లు ఉన్న పుస్తకంలో ఒక్కొక్కటే కొట్టేస్తోంది. అవును, వాటికి పేర్లు కూడా పెట్టుకుంది, ఒకప్పుడు నేను పెట్టుకున్నట్టు.

ఎద్దు పోతే ఎప్పుడు మైల విడుస్తుందో మా అత్త నాకు చెప్పింది. ఈ పక్షులు పోతే ఏ నీడ చూసి విడవాలో చెప్పలేదు. ఆమెకు ఆ అవసరం వస్తుందని తోచి ఉండదు.

గుంత పూడ్చి తొమ్మిది రోజులైంది. ఇంకా తలకు పోసుకోలేదు.

గోవిందమ్మ